చిన్న ఊరి నాటక సమాజం ఏడాదికి నాలుగు నాటకాలు ఆడాలంటే: కావలి మిత్రులకు సమాధానం

కావలి నుంచి ఒక ఉపాధ్యాయ మిత్రుడు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. 18 మంది సభ్యులున్న వారి నాటక సమాజం ఇంతవరకు ఏటా ఒక నాటిక తయారుచేసి పరిషత్తు పోటీలకు తీసుకువెళుతూ వచ్చింది. వచ్చే ఉగాది నుంచి సొంత ఊళ్ళోనే ఏడాదికి నాలుగు ప్రదర్శనలు వరుసగా ఇవ్వాలని వారు నిశ్చయించుకున్నారు. అందులో రెండు సాంఘికాలు, ఒక పద్య నాటకం, పిల్లలతో ఒక సంగీత నాటకం. సభ్యులలో స్త్రీలు ముగ్గురే ఉన్నారు. ఏ నాటకాలు ఎంచుకోవాలి, ఎప్పుడు ఆడాలి, టికెట్టు పెట్టవచ్చా, మధ్యలో ఆగిపోకుండా ఎలా నడుపుకోవాలి అన్నవి ఆయన ప్రశ్నలు. ఒంగోలులో 30 ఏళ్ళకు పైగా ఒక సమాజంలో నటుడిగా, దర్శకుడిగా, కొంతకాలం కార్యదర్శిగా పనిచేసిన అనుభవంతో నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

పరిషత్తుకు నాటిక తయారుచేయడం, సొంత ఊళ్ళో వరుసగా నాటకాలు ఆడడం రెండూ వేర్వేరు పనులన్న సంగతి మొదట గుర్తించాలి. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడిన నాటి నుంచి పరిషత్తులు మన నాటకానికి చేసిన మేలును నేను ఎన్నడూ తక్కువ చేయను. నన్ను నటుడిగా తీర్చిదిద్దినవి అవే. అయితే పరిషత్తుకు వెళ్ళే నాటిక ఒక్కొక్క ఊళ్ళో ఒక్కసారే కనిపిస్తుంది. ప్రతి ఊళ్ళోనూ ప్రేక్షకులు కొత్తవారు, ఎదుట కూర్చున్న న్యాయనిర్ణేతలు కొత్తవారు. గంటలోపల నటులందరి ప్రతిభా కనబడేలా దాన్ని మలుచుకుంటాం. మీ ఊళ్ళో మాత్రం ఆ మూడు వందల మందే నాలుగుసార్లు వచ్చి, ఆ 18 ముఖాలనే నాలుగుసార్లు చూడాలి. ఏప్రిల్‌లో కష్టాలపాలైన తండ్రిగా కన్నీరు పెట్టించిన నటుడు సెప్టెంబరులోనూ అదే గొంతుతో అదే తండ్రిగా కనిపిస్తే మూడో ప్రదర్శనకు సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. కాబట్టి ఒక్కొక్క నాటకాన్ని విడిగా ఎంచుకోకండి. నాలుగింటినీ ఒకేసారి ఎదుట పెట్టుకుని, ప్రతి సభ్యుడికీ ఏడాదిలో ఏ ఏ పాత్రలు వస్తాయో చూసుకున్న తరువాతే ఖాయం చేయండి.

దానికంటే ముందు తేదీలు ఖాయం చేయాలి. నాటకం సిద్ధమయ్యాక హాలు చూసుకుందాం అనుకున్న సమాజమేదీ ఏడాదికి రెండింటిని మించి ఆడడం నేను చూడలేదు. కావలి వాతావరణం, పంటలు, పండుగలు మీకు నాలుగు తేదీలను దాదాపు వాటంతట అవే చూపిస్తాయి. మొదటి ప్రదర్శనకు ఏప్రిల్ 16 పెట్టుకోండి. అది కందుకూరి వీరేశలింగం పంతులుగారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. 1880లో రాజమహేంద్రవరంలో తన విద్యార్థులతో నాటకం ఆడించిన ఆయన పేరున మొదలుపెట్టడం ఒక ఉపాధ్యాయుల సమాజానికి ఎంతో తగినది. పిల్లల నాటకానికి వేసవి సెలవులే గతి. ఏప్రిల్ చివరి వారం నుంచి ఉదయం పూట సాధన చేయించి, బడులు తెరిచే ముందు వారంలో, పొద్దు వాలి వేడి తగ్గిన తరువాత ఆడించాలి. బడులు తెరిచాక వాయిదా వేస్తే మీకు పిల్లలు దొరకరు. రెండో సాంఘికం వినాయక చవితికి, దసరాకు నడుమ రావాలి. చవితి పందిళ్ళు ఉన్నన్నాళ్ళు మైకు సెట్టు గాని, జనరేటరు గాని, లైట్ల మనిషి గాని మీకు దొరకడు. నెల్లూరులో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ రోజుల్లోనూ ఇదే ఇబ్బంది ఉంటుంది. అది మొహర్రంతో వచ్చే పండుగ కనుక ఏటా సుమారు 11 రోజులు ముందుగా వస్తుంది. ఆ ఏటి తేదీ చూసుకోకుండా హాలుకు బయానా ఇవ్వకండి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఏమీ పెట్టుకోకండి. మన జిల్లాలకు వాన ఎక్కువగా ఈశాన్య ఋతుపవనాలతోనే వస్తుంది. నవంబరులో తుపాను హెచ్చరిక రాని ఏడాది అరుదు. అయితే ఆ మూడు నెలలూ వృథా పోవు. పద్య నాటకానికి సుదీర్ఘమైన సాధన కావాలి, వానాకాలం సాయంకాలాలు ఆ సాధన కోసమే ఉన్నాయా అనిపిస్తుంది. దానిని సంక్రాంతికి, కనుమ మరునాడు ముక్కనుమ రాత్రి ఆడండి. మద్రాసు, బెంగుళూరు, హైదరాబాదు నుంచి పిల్లలు ఇళ్ళకు వచ్చి ఉంటారు. చుట్టుపక్కల పల్లెల్లో నాట్లు అయిపోయి, కోతలు ఇంకా మొదలుకాని రోజులవి. పద్యం వినే చెవి ఉన్న పెద్దలు పల్లెల్లోనే ఎక్కువగా ఉన్నారు. వారు బండి కట్టించుకునైనా వచ్చే రోజు అదే. సెప్టెంబరు ప్రదర్శనకు వారు ఎక్కువగా రాలేరు, అప్పటికి ఎడగారు పంట పనులు ఉంటాయి. అందుకని ఆ నాటకాన్ని పట్టణ ప్రేక్షకులను దృష్టిలో పెట్టుకుని ఎంచుకోండి.

ఇక ఎంపిక సంగతి. మొదటి ప్రదర్శనకు కొత్త నాటకం వెతకవద్దు. గత ఏడాది పరిషత్తులకు తీసుకువెళ్ళిన నాటికను మీ ఊరివారు చూసి ఉండరు. దానినే ఏప్రిల్ 16న ఆడండి. అది మీకు నోటికి వచ్చు, సెట్టు సామాను ఉంది, సంగీతం ఉంది. మొదటి తేదీని నిలబెట్టుకోవడమే ఆ నెలలో మీ అసలు పని. ఆ నాటిక గంటలో ముగుస్తుంది కనుక మిగిలిన సమయంలో ఏడాది కార్యక్రమం ప్రకటించి, సభ్యులను పరిచయం చేసి, చందాదారులను చేర్చుకోవచ్చు.

రెండో సాంఘికం ఎంచుకునేటప్పుడు ముగ్గురు స్త్రీలు ఉన్నారన్న విషయం నుంచి మొదలుపెట్టండి. మన సాంఘిక నాటకాలలో చాలావాటిలో స్త్రీ పాత్రలు ఒకటో రెండో ఉంటాయి, అవి కూడా ఏడవడానికీ, కాఫీ తేవడానికీ రాసినట్టు ఉంటాయి. ముగ్గురు సమర్థులైన స్త్రీలు సభ్యులుగా ఉన్న సమాజం మన జిల్లాలలో అరుదు. అది మీ బలం. ముగ్గురికీ కథను ముందుకు నడిపే పాత్రలు ఉన్న నాటకం దొరికేవరకు చదువుతూ ఉండండి. చదవడమంటే ఒకరు ఇంటికి తీసుకువెళ్ళి చదివి బాగుందని చెప్పడం కాదు. అందరూ చుట్టూ కూర్చుని, పాత్రలు పంచుకుని, పైకి చదవాలి. పుస్తకంలో ఎంతో బాగున్న సంభాషణ నోట్లో పడేసరికి పొడిపొడిగా రాలిపోవడం, పుస్తకంలో చప్పగా ఉన్నది ఒక మంచి గొంతులో ప్రాణం పోసుకోవడం అప్పుడే తెలుస్తుంది. కనీసం ఆరు నాటకాలైనా అలా చదవనిదే నిర్ణయం తీసుకోవద్దు.

మన గడ్డకు చెందిన రచయితను ఎంచుకోవాలని ఉంటే ఆచార్య ఆత్రేయను మరచిపోకండి. ఆయన 1921లో అప్పటి నెల్లూరు జిల్లాలో, సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టారు. సినిమా పాటల వల్ల లోకానికి తెలిసినా ఆయన అసలు నాటకకర్త. గుమాస్తా బ్రతుకును చెప్పిన ఆయన నాటకం ‘ఎన్.జి.ఓ.’ను ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఉన్న మీ సమాజం ఆడితే, పాత్రలకూ నటులకూ నడుమ దూరమే ఉండదు. అయితే ఆయన 1989లో మరణించారు. రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు రచనపై హక్కు ఉంటుందని మన 1957 నాటి కాపీరైటు చట్టం చెబుతోంది కనుక ఆ నాటకాలపై హక్కు 2049 చివరి వరకు వారసులదే. అనుమతి అడిగి, కాగితం మీద తీసుకుని ఆడండి.

నటులు మాట్లాడే భాష గురించి కూడా చెప్పాలి. సాంఘికం అనగానే మన నటులు ఇంట్లో మాట్లాడే నెల్లూరు మాట విడిచిపెట్టి సినిమా మాటలోకి వెళ్ళిపోతారు. వేదం వేంకటరాయశాస్త్రిగారు 1897లో ‘ప్రతాపరుద్రీయం’లో ఏ పాత్రకు తగిన మాట ఆ పాత్ర చేత పలికించారు. ఆయన నాటకాలను నెల్లూరులో ఆంధ్రభాషాభిమాని సమాజం ఆడింది. పాత్రోచిత భాషకు మన జిల్లాలో అంత పాత సంప్రదాయం ఉండగా, కథ కావలిలోనో బుచ్చిలోనో జరిగేటట్లు మార్చుకోవడానికి రచయిత ఒప్పుకున్నప్పుడు, పాత్రల చేత ‘వస్తుండా, పోతుండా’ అనిపించడానికి సంకోచించకండి. అయితే ఆ మాటను నవ్వించే సేవకుడి పాత్రకు మాత్రమే కేటాయించి, పెద్ద పాత్రలకు పత్రికల భాష పెట్టడం మన మాటను మనమే అవమానించుకోవడం. అందరికీ పెట్టండి, లేదా ఎవరికీ పెట్టకండి.

పద్య నాటకంగా ‘చింతామణి’ ఆడమని మీ ఊరి పెద్దలలో ఎవరైనా తప్పకుండా సూచిస్తారు. ఆ నాటక ప్రదర్శనను రాష్ట్ర ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది, దానిపై కొందరు హైకోర్టుకు వెళ్ళారు. మొదటి ఏడాదే మీరు ఆ వివాదంలోకి వెళ్ళవద్దని నా సలహా. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’ నుంచి రాయబార ఘట్టం గాని, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి ‘సత్య హరిశ్చంద్రీయం’ గాని మీకు తగినవి. జంటకవులలో చెళ్ళపిళ్ళవారు 1950లో, బలిజేపల్లివారు 1953లో మరణించారు కనుక ఆ నాటకాలు ఇప్పుడు అందరివీ. కాని హరిశ్చంద్రలో కాటిసీనులో నటులు పాడే శ్మశాన పద్యాలు జాషువాగారివని, బలిజేపల్లివారివి కావని చాలామంది మరచిపోతారు. జాషువా 1971లో మరణించారు, అంటే ఆ పద్యాలపై హక్కు 2031 చివరి వరకు ఉంటుంది. టికెట్టు పెట్టి ఆడితే వాటికి వేరుగా అనుమతి తీసుకోవాలి.

నా వరకు నేను మీకు రాయబారాన్నే సూచిస్తాను. ఆ కథకు మూలమైన ఉద్యోగపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన నెల్లూరు వాడు. సాధన మొదలుపెట్టే మొదటి వారం హార్మోనియం తెరవకుండా, తిక్కన ఉద్యోగపర్వంలో రాయబార ఘట్టాన్ని అందరూ కలిసి చదవండి. ద్రౌపది ఎందుకంత మండిపడుతోందో, కృష్ణుడు సంధి కోరుతూనే యుద్ధానికి ఎలా సిద్ధపడుతున్నాడో అర్థమైన నటుడు రాగం కోసం పద్యాన్ని సాగదీయడు.

పద్యం దగ్గర మన నటులు చేసే తప్పులు ఎక్కువగా రెండు. మొదటిది విరుపు. ఉత్పలమాలలో పదో అక్షరం దగ్గర, చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర, శార్దూలంలో పదమూడో అక్షరం దగ్గర, మత్తేభంలో పద్నాలుగో అక్షరం దగ్గర యతి పడుతుంది. తెలుగు యతి అక్షరాల మైత్రికి సంబంధించినదే తప్ప, అక్కడ ఆగమని దాని అర్థం కాదు. సంస్కృతంలో లాగా అక్కడ పదం ముగియాలన్న నియమం మనకు లేదు. పాదాంతం సంగతీ అంతే. పదం ఒక పాదంలో మొదలై రెండో పాదంలో ముగుస్తూ ఉంటుంది. రాగం కోసం పాదం చివర ఆగిపోయే నటుడు ఆ పదాన్ని రెండు ముక్కలు చేస్తున్నాడు. వినేవారికి సంగీతం వినబడుతుంది గాని మాట వినబడదు. కనుక ప్రతి పద్యాన్నీ మొదట వచనంలాగా, పదాలు విడదీసి, అర్థం ఆగినచోటనే ఆగుతూ పది రోజులు చెప్పించండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పుస్తకంలో పెన్సిలుతో గుర్తు పెట్టించండి. ఆ తరువాతే శ్రుతి.

రెండో తప్పు శ్రుతి దగ్గర జరుగుతుంది. మైకులు లేని రోజుల్లో చివరి వరుసకు వినబడాలని నటులు హెచ్చు శ్రుతిలో పాడేవారు. ఆ అలవాటును అనుకరిస్తూ, గొంతు పలకని శ్రుతిలో పాడి రెండో అంకానికే బొంగురుపోయే కుర్రవాళ్ళను నేను ఎంతోమందిని చూశాను. హార్మోనియం మెట్ల లెక్కన చెప్పాలంటే మగవారికి సాధారణంగా ఒకటి, రెండు శ్రుతులు హాయిగా ఉంటాయి. స్త్రీలకు అయిదు, అయిదున్నర. కృష్ణుడు, ద్రౌపది ఒకే రంగంలో ఉన్నప్పుడు ఏం చేయాలన్నది అసలు సమస్య. చాలా సమాజాలు ద్రౌపదిని కృష్ణుడి శ్రుతిలోకి దించి ఆమె గొంతును అణచివేస్తాయి. దానికి చక్కని ఉపాయం ఉంది. కృష్ణుడు రెండు శ్రుతిలో పాడితే దాని మధ్యమం సరిగ్గా అయిదు శ్రుతి అవుతుంది. హార్మోనియం మీద ఆ రెండు స్వరాలనే పట్టి ఉంచితే అవి కృష్ణుడికి షడ్జమ మధ్యమాలుగా (స, మ), ద్రౌపదికి పంచమ షడ్జమాలుగా (ప, స) పనికివస్తాయి. హార్మోనిస్టు మెట్లు మార్చనక్కరలేదు, పద్యానికీ పద్యానికీ నడుమ శ్రుతి వెతుక్కునే ఇబ్బంది ప్రేక్షకుడికి కనబడదు. మీ కృష్ణుడికి రెండు శ్రుతి పలుకుతుందా, మీ ద్రౌపదికి అయిదు సుఖంగా ఉంటుందా అన్నది పాత్రలు పంచేముందే చూసుకోండి. రూపం చూసి కృష్ణుణ్ణి ఎంచుకుని, తరువాత శ్రుతి కోసం తిప్పలు పడడం మా సమాజంలో కూడా జరిగింది.

హార్మోనిస్టు మొదటి రోజు నుంచి ఉండాలి. ప్రదర్శన రోజున వచ్చి కూర్చునే హార్మోనిస్టు ఎంత విద్వాంసుడైనా నటుడి వెంట పరుగెత్తవలసిందే. మూడు నెలలు కలిసి కూర్చున్నవాడు నటుడి ఊపిరిని బట్టి స్వరం అందిస్తాడు. మీకు ఖర్చు పెట్టగల డబ్బు ఒక్కచోటికే ఉంటే అది ఇక్కడ పెట్టండి. కిరీటాలు, దుస్తులు అద్దెకు వస్తాయి, తెరలు అద్దెకు వస్తాయి. సాధన అద్దెకు రాదు. అందుకే మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ఒకే పాత్రకు ఒకరి తరువాత ఒకరుగా పేరున్న కళాకారులను ఒక్క రాత్రికి పిలిపించే పద్ధతిని మీ వంటి సమాజానికి నేను ఎన్నటికీ సూచించను. ఆ కళాకారుల విద్య మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అయినా అది వారి నాటకం అవుతుంది, మీది కాదు.

నిడివి రెండుంబావు గంటలు దాటకూడదు. తెల్లవార్లూ నాటకం ఆడిన రోజులను నేను ప్రేమతో తలచుకుంటాను. కాని రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట మైకులు వాడరాదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. మూసి ఉన్న హాలులో ఆ ఇబ్బంది ఉండదు గాని, పల్లెలో పందిరి కింద ఆడేటప్పుడు బాగా ఆలస్యంగా తెర తీస్తే కురుసభ మధ్యలో మైకు ఆపవలసివస్తుంది. ఆరున్నరకు తెర తీస్తామని ప్రకటించి, ముందు వరుస ఖాళీగా ఉన్నా సరే, అప్పుడే తీయండి. సన్మానాలు, ఉపన్యాసాలు నాటకం ముగిసిన తరువాత పెట్టుకోండి.

పిల్లల సంగీత నాటకం గురించి ఎక్కువగా చెప్పవలసింది లేదు. సినిమా పాటల వరుసలు తీసుకోకండి. మీ ఊళ్ళో సంగీతం నేర్పే గురువు చేత అయిదారు చిన్న పాటలు కట్టించండి. రికార్డు పెట్టి పెదవులు కదపడం కాకుండా పిల్లలే పాడాలి. తప్పు పాడినా తల్లిదండ్రులు క్షమిస్తారు, పిల్లలు మాత్రం నేర్చుకుంటారు. ప్రతి పాత్రకూ ఇద్దరేసి పిల్లలను సిద్ధం చేయడం తప్పనిసరి, ఎండాకాలంలో ఒకరికైనా జ్వరం వస్తుంది.

పద్య నాటకానికి ఒకరిద్దరు స్త్రీ కళాకారులను బయటి నుంచి పిలవవలసిరావచ్చు. ఈ విషయం మీద మనసు పెట్టి చదవమని కోరుతున్నాను. నేను కార్యదర్శిగా ఉన్న ఒక ఏడాది తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక నటీమణి, ప్రదర్శన ముగిశాక మేమంతా సామాను సర్దుకుంటూ ఉండగా, ఒక్కతే రిక్షాలో స్టేషనుకు వెళ్ళింది. రైలు నాలుగు గంటలు ఆలస్యమైంది. తెల్లవారేవరకు ఆమె ప్లాట్‌ఫారం మీద ఒంటరిగా కూర్చుంది. మరుసటి ఏడాది పిలిచినప్పుడు ఎంతో మర్యాదగా రాలేనని చెప్పింది. కారణం ఆమె చెప్పలేదు, ఆమెతో నటించిన మరో కళాకారిణి చెప్పింది. ఆ తప్పు నాది. ఆనాటి నుంచి మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము. వచ్చిన కళాకారిణికి ఆ రాత్రి ఒక సభ్యుడి ఇంట్లో, ఆ ఇంటి ఆడవారి మధ్య బస ఏర్పాటు చేస్తాము. ఉదయం రైలు కదిలేవరకు ఇద్దరు సభ్యులు స్టేషనులో ఉంటారు. పారితోషికం మేకప్ వేసుకునే ముందే చేతికి ఇస్తాము. స్త్రీలకు తలుపు గడియ పడే మేకప్ గది, దానికి దగ్గరలో మరుగుదొడ్డి ఉన్న హాలునే మాట్లాడుకుంటాము. మీ సమాజంలోని ముగ్గురు సోదరీమణులకు కూడా ఇవన్నీ మొదటి రిహార్సల్ నుంచే అమలు చేయండి. రిహార్సల్ ఎనిమిది గంటలకు ముగుస్తుందని వారి ఇళ్ళలో చెప్పి, ఎనిమిదికే ముగించండి. మన ఊళ్ళలో ఎంతోమంది స్త్రీలు నాటకం మానుకున్నది కళ మీద ఇష్టం తగ్గి కాదు, రిహార్సల్ పదిన్నరకు ముగిసినందువల్లనే.

మైకుల విషయంలో మా అనుభవం మీకు పనికిరావచ్చు. పద్య నాటకానికి మేము ఒకసారి ప్రతి నటుడికీ కాలర్ మైకు పెట్టాము. హారాలు, భుజకీర్తులు దాని మీద రాసుకుని, కర్ణుడు అడుగు వేసినప్పుడల్లా గలగలమని చప్పుడు వచ్చింది. ఆ తరువాత రంగస్థలం ముందు అంచున మూడు మైకులు, పైన వేలాడదీసినవి రెండు పెట్టి, స్పీకర్లను మైకుల కంటే ముందుకు, ప్రేక్షకుల వైపు జరిపితే, కూత పెట్టకుండా మాట స్పష్టంగా వచ్చింది. హార్మోనియానికి వేరే మైకు పెడితే దాని శబ్దాన్ని బాగా తగ్గించి ఉంచాలి. హార్మోనియం నటుడికి వినబడితే చాలు. హార్మోనిస్టు, తబలా ఆయన రంగస్థలానికి ఒక పక్కన, నటుడి కళ్ళకు ఎదురుగా కూర్చోవాలి, తెర వెనుక కాదు. నెల్లూరులో పురమందిరం వంటి పాత హాళ్ళకు, ఇప్పటి కల్యాణ మండపాలకు ధ్వనిలో ఎంతో తేడా ఉంది. మండపంలో నున్నటి గోడలు, గచ్చు నేల మాటను తిప్పికొడతాయి. పక్క గోడలకు తెరలు వేలాడదీస్తే కొంత మెరుగవుతుంది.

టికెట్టు సంగతి. చట్టం ఇక్కడ మీకు ఒక వెసులుబాటు ఇస్తోంది. ఔత్సాహిక సమాజం డబ్బు చెల్లించని ప్రేక్షకుల ముందు ఆడితే అది హక్కుల ఉల్లంఘన కాదని కాపీరైటు చట్టం 52వ విభాగంలో ఉంది. టికెట్టు పెట్టిన క్షణం నుంచి ఆ రక్షణ తొలగిపోతుంది. చందాదారులకు మాత్రమే పాసులు ఇచ్చే పద్ధతిని కూడా నేను డబ్బు చెల్లించిన ప్రేక్షకుల కిందే లెక్కవేస్తాను, అనుమతులు తీసుకుంటాను. అయినా నేను చందా వైపే మొగ్గుతాను. దాత ఒక్కడే మొత్తం ఖర్చు భరించిన నాటకంలో ముందు వరుస ఆయన బంధువులది అవుతుంది, వేదిక ఆయన సన్మానానిది అవుతుంది. 500 రూపాయలు ఏడాది చందాగా 200 మంది కడితే లక్ష రూపాయలు. హాలు అద్దె, మైకులు, లైట్లు, దుస్తుల అద్దె, హార్మోనిస్టు పారితోషికంతో పొదుపుగా నడిపే సమాజానికి అది గట్టి పునాది. నాటక ప్రదర్శనకు మనిషికి 500 రూపాయలు మించని ప్రవేశ రుసుము మీద జీఎస్టీ లేదు. స్థానికంగా ఏదైనా పన్ను ఉందేమో మునిసిపాలిటీలో మాత్రం ఒకసారి కనుక్కోండి.

సమాజాన్ని రిజిస్టరు చేయకపోతే ముందు ఆ పని చేయండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి. ప్రతి ప్రదర్శన తరువాత వారం లోపల జమాఖర్చు కాగితం రిహార్సల్ గది తలుపు మీద అంటించండి. నేను చూసినంతలో సమాజాలు విడిపోయింది వేషాల కోసం కంటే ఎక్కువగా లెక్కల కోసమే.

ప్రతి నాటకాన్నీ రెండుసార్లు ఆడండి. మొదటిది కావలిలో, రెండోది పది పదిహేను రోజుల లోపల అల్లూరులోనో, బిట్రగుంటలోనో, సింగరాయకొండలోనో. మొదటి ప్రదర్శనలో నటుడు మాట మరచిపోకుండా ఉండడం మీదనే ధ్యాస పెడతాడు, రెండోదానిలోనే ఎదుటి పాత్ర మాట వింటాడు. వారాల తరబడి కష్టపడి ఒక్క రాత్రితో వదిలేయడం నటుడికి అన్యాయం. ఇక తెర చాటున మాట అందించే ప్రాంప్టరుగా కూర్చునే సభ్యుడి చేత ముఖ్య పాత్ర సంభాషణలు కంఠతా పట్టించండి. ఉద్యోగస్తుల సమాజంలో బదిలీ ఉత్తర్వు ఎప్పుడైనా రావచ్చు. అలా ఒక ఏడాది మా ప్రాంప్టరే రెండు రోజుల వ్యవధిలో ధర్మరాజుగా నిలబడి నాటకాన్ని కాపాడాడు.

మీ ముక్కనుమ ప్రదర్శనకు హాలు ఖాయమైన వెంటనే నాకు తెలియజేయండి. మా సమాజం హార్మోనిస్టుతో మాట్లాడాను, అక్టోబరులో రెండు ఆదివారాలు కావలికి రావడానికి ఆయన ఒప్పుకున్నారు. కృష్ణుడు, ద్రౌపది పాత్రలకు మీరు అనుకుంటున్న వారందరినీ, ఇంకా ఎవరికీ మాట ఇవ్వకుండా, ఆ రెండు రోజులకు పిలిచి ఉంచండి.